అక్కను ఆసుపత్రికి తెచ్చిన జీపు, దాని పన్నెండు కీళ్లు

ఈ మధ్య సికింద్రాబాదులో ఎవరిని కదిలించినా జీపు మాటే వినిపిస్తోంది. యుద్ధం ముగిశాక సైన్యం వదిలించుకున్న బండ్లను వేలంలో కొని, వాటిలో పొలాలకూ పెళ్ళిళ్లకూ తిరిగేవారు ఎక్కువయ్యారు. మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు, అక్కడి నుంచి కీసర బాట మీదికి జీపులో వెళ్లవచ్చా అని నన్ను అడిగేవారు కూడా కొందరున్నారు. ఎందుకంటే పోయిన కార్తీకంలో నేను ఆ దారిన ఒకసారి వెళ్లి వచ్చాను. సరదాకు వెళ్లలేదు. మా అక్క తొడ ఎముక విరిగి మంచాన పడితే, ఆమెను ఆసుపత్రికి తేవడానికి వెళ్లాను.

మా అక్క నర్సమ్మ నాకంటే పద్నాలుగేళ్లు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచి, బడికి పంపి, నేను ఇవాళ పదిమందికి పాఠాలు చెప్పుకొనేలా చేసింది ఆమే. శామీర్‌పేట దాటి కీసర బాటలో ఐదు మైళ్లు పోతే వచ్చే చిన్న పల్లెలో ఆమె, మల్లయ్య బావ సేద్యం చేసుకుంటారు. గడ్డివామి మీది నుంచి జారిపడిందన్న కబురు నాకు చేరేసరికి నాలుగు రోజులు గడిచాయి. కట్లు కట్టే ఆయన వెదురు బద్దలు పెట్టి కట్టాడు గాని వాపు దిగలేదట. బావ ఎడ్లబండిలో మందంగా గడ్డి పరిచి, దాని మీద బొంతలు వేసి బయలుదేరదీస్తే, ఊరి పొలిమేర దాటకముందే అక్క నొప్పికి సొమ్మసిల్లింది. బండిని వెనక్కి తిప్పారు. నేను సికింద్రాబాదు ఆసుపత్రిలో డాక్టరు గారిని కలిశాను. ఆయన రెండు మాటలు చెప్పారు. ఇంకా ఆలస్యమైతే ఎముక వంకరగా అతుక్కుంటుంది, కాబట్టి వెంటనే తీసుకురావాలి. దారిలో కుదుపులకు విరిగిన మొన లోపలి రక్తనాళాన్ని కోస్తే కాలు దక్కదు, కాబట్టి కదలకుండా తీసుకురావాలి. ఆ దారిలో ఈ రెండూ ఒక్కసారే ఎలా కుదురుతాయో మాత్రం ఆయన చెప్పలేదు.

నా దగ్గర చదివే ఒక పిల్లవాడి తండ్రి గుండ్లపోచంపల్లి పటేలు. ఆయనకు వేలంలో కొన్న జీపు ఒకటి ఉంది. వెళ్లి అడిగితే అభ్యంతరం చెప్పలేదు. బండి తనదే అయినా అది మేడ్చల్‌లో దేవసహాయం అనే మెకానిక్కు ఇంటి దగ్గర ఉంటుందనీ, కదలాలా వద్దా అన్నది అతనే చెబుతాడనీ, అతని మాటకు తాను అడ్డు రాననీ అన్నాడు. అప్పుడది నాకు పెద్దమనిషి పరిహాసంలా తోచింది.

మరునాడు తెల్లవారగానే సికింద్రాబాదులో నిజామాబాదు వైపు పోయే ప్యాసింజరు ఎక్కాను. టికెట్టు అణాల్లోనే. ఏడు దాటాక మేడ్చల్‌లో దిగి, పది నిమిషాలు నడిచి, చర్చి పక్క సందులో ఉన్న దేవసహాయం ఇల్లు పట్టుకున్నాను. ముప్పై అయిదేళ్ల సన్నటి మనిషి. యుద్ధకాలంలో అస్సాం కొండల్లో సైన్యపు బండ్లు బాగుచేసే కార్ఖానాలో పనిచేసి వచ్చాడు. ఖాకీ చొక్కా మాత్రం అప్పటిదే. నేను వెళ్లేసరికి జీపు వాకిట్లో నాలుగు దుంగల మీద ఉంది. చక్రాలు నేలకు తగలకుండా వేలాడుతున్నాయి. మనిషి దాని కింద పడుకొని ఉన్నాడు. అతని భార్య రత్నమ్మ నాకు పీట వేసి, జొన్నరొట్టె, మిరపతొక్కు పెట్టింది. నేను తిన్నాను, చేయి కడుక్కున్నాను, అయినా అతను బయటికి రాలేదు. అవతల మనిషి ప్రాణం మీదికి వచ్చిందని, తొందరగా బయలుదేరాలని రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పబోతుంటే అతను కింద నుంచే జవాబిచ్చాడు.

"బండి ఉరకాలంటె ఇంజను మంచిగుండాలె సార్. ఇరిగిన కాలును పండవెట్టి తేవాలంటె మాత్రం గీ కీళ్లు మంచిగుండాలె. జరంత ఆగుండ్రి."

నేను వంగి చూశాను. జీపు నాలుగు చక్రాల దగ్గరా నాలుగు కమాన్లు ఉంటాయి. పలుచటి ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టినవి. చక్రం రాయి ఎక్కినప్పుడు కమాను వంగి సాగుతుంది. అలా సాగడానికి చోటు కావాలి కనుక దాని ఒక కొసను బండి చట్రానికి నేరుగా బిగించరు. గుర్రపు నాడా ఆకారంలో ఉండే ఒక ఇనుప కొక్కెంతో తగిలిస్తారు. ఆ కొక్కెం రెండు మొనలూ మరలు కోసిన బుష్షుల్లో, అంటే పొట్టి ఇనుప గొట్టాల్లో, ఊగుతుంటాయి. కమాను రెండో కొస ఒక చీల మీద తిరుగుతుంది. లెక్క వేస్తే ఒక్కో కమానుకు మూడు కీళ్లు, బండి మొత్తానికి పన్నెండు. అవి తేలికగా కదిలితే చక్రానికి తగిలిన దెబ్బ కమానులోనే ఆగిపోతుంది. బిగుసుకుపోతే అంతా చట్రం మీదికీ, అక్కడి నుంచి మనిషి నడుములోకీ వస్తుంది. అరిగి వదులైతే బండి పక్కలకు ఊగుతుంది. ఇదంతా దేవసహాయం నాకు ఒక్కో కీలు ముట్టించి చూపించాడు. బండిని దుంగల మీదికి ఎందుకు ఎత్తాడో కూడా అప్పుడే తెలిసింది. "బరువు మీదుండంగ గ్రీజు కొడితె సులువున్న దిక్కే పోతది. అరిగే దిక్కు ఎండిపోయే ఉంటది సార్" అన్నాడు.

ప్రతి కీలు సందులో గడ్డపార మొన పెట్టి ఎత్తి చూశాడు. ముందు ఎడమ వైపున ఒకటి బాగా అరిగింది. నూనె కాగితంలో చుట్టి దాచుకున్న కొత్త బుష్షు ఒకే ఒక్కటి ఉంటే దానికి వేశాడు. వెనక కుడివైపు ఇంకొకటి కొద్దిగా ఆడుతోంది. దానికి వేయడానికి ఏమీ లేదు. అది ఈ ప్రయాణానికి ఆగుతుందని, కాని తన కన్ను దాని మీదే ఉంటుందని చెప్పాడు. ముందు సీటు ఒకటి ఊడదీసి, డ్రైవరు పక్కన ముందు నుంచి వెనకదాకా మనిషిని పొడుగ్గా పడుకోబెట్టడానికి వీలుగా బల్ల బిగించాడు. దుంగలు కూడా బండిలో వేసుకొని ఎనిమిదింబావుకు బయలుదేరాం. పోయిన గంట సమయం గురించి నేను లోలోపల గొణుక్కుంటూనే ఉన్నాను.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట సుమారు తొమ్మిది మైళ్లు. ఊరు దాటాక రాతిబాట అయిపోయి బండ్లబాట మొదలవుతుంది. రెండు లోతైన గాడులు, వాటి మధ్య గడ్డి మొలిచిన గట్టు, ఇరువైపులా జొన్నచేలు, చేల మధ్య ఏనుగుల్లా పడి ఉన్న బండరాళ్లు. దేవసహాయం గాడుల్లోకి దిగలేదు. ఒక చక్రం మధ్య గట్టు మీద, రెండోది గాడికి అవతల ఉండేలా నడిపాడు. గంటకు పది మైళ్లకు మించి పోలేదు. తొమ్మిదిన్నరకు శామీర్‌పేట చెరువు కట్ట కనిపించింది. వానలు బాగా పడ్డ ఏడాది కావడంతో నీళ్లు అంచుదాకా ఉన్నాయి. కట్ట దాటి కీసర బాట పట్టాక రెండు మైళ్లకు ఒక వాగు వస్తుంది. మోకాలి లోతు నీళ్లు, అడుగున ఇసుక. జీపు ఆగకుండా దాటింది గాని, అవతలి ఒడ్డు ఎక్కాక దేవసహాయం ముఖం మారింది. కుడి ముందు చక్రం దగ్గర బండి కొట్టుకుంటోందన్నాడు. నాకేమీ తెలియలేదు. పదిన్నర కావొస్తుండగా పల్లె చేరాం.

అక్కను చూసి చాలా రోజులైంది. ముఖం సగమైంది. కాలు పక్కకు తిరిగి, తొడ మొద్దులా ఉబ్బి ఉంది. జీపు చూడగానే ఆమె కళ్లలో కనిపించింది భయమే. ఎడ్లబండి కుదుపు ఆమె మరిచిపోలేదు. ఇది దానికంటే వేగంగా పోయే బండి, ఎక్కనంది. నేను నచ్చజెప్పబోతే దేవసహాయం ఆపి, ఆమెతో తానే మాట్లాడాడు. తన మాట నమ్మవలసిన పని లేదనీ, చూసి చెప్పమనీ అన్నాడు. బిందె నిండా నీళ్లు పోయించి, ఆమె పడుకోవలసిన బల్ల మీదే పెట్టించి తాళ్లతో కట్టించాడు. అక్క మంచాన్ని వాకిట్లోకి తెచ్చి పెట్టారు. అతను కళ్లం చుట్టూ ఒకసారి, ఊరవతలి కాలువ దాటి ఒకసారి తిరిగి వచ్చాడు. బిందెలో సగం నీళ్లు లేవు.

అక్క బిందె వైపు చూసి నా వైపు తిరిగింది. "సగం ఒలికింది తమ్మి. నేను రాను. గిట్లనే ఉండనియ్యి" అంది.

 దేవసహాయం ఆమె చెప్పింది సబబే అన్నట్టు తలాడించి, మళ్లీ బండి కిందికి దూరాడు. ముందు కుడి కమాను కీలులో వాగు ఇసుక చేరి పట్టేసింది. బావ చేత, నా చేత చట్రం కింద దుంగ వేయించి ఎత్తించి, గ్రీజు గన్ను పెట్టి కొట్టాడు. మొదట బురద వచ్చింది, తరువాత ఇసుక కలిసిన నల్లటి గ్రీజు, ఆ తరువాత తేనె రంగు గ్రీజు. అది వచ్చేదాకా వదలలేదు. పిమ్మట కుదుపు తగ్గడానికి టైర్లలో గాలి కొంత తీసేశాడు. సైన్యం ఈ కమాన్లను బరువులు మోయడానికి చేసింది గనుక ఖాళీ బండి ఎగురుతుందని చెప్పి, నాలుగు గోనె సంచుల్లో ఇసుక నింపించి వెనక వేయించాడు. బిందె మళ్లీ నింపించి మళ్లీ అదే దారిన తిరిగాడు. ఈసారి బిందె మెడ దాకా తడి ఉంది గాని, లోపల రెండు వేళ్ల వెలితి కూడా లేదు. అక్క చాలాసేపు చూసింది. తరువాత ఇంకొకసారి తిరిగి చూపించమంది. అతను విసుక్కోకుండా తిరిగాడు. అప్పుడు సరేనంది.

ఇక ఎక్కించడం మిగిలింది. ఇక్కడ జరిగింది కూడా దాచకుండా రాయాలి. అంతసేపూ దేవసహాయం వాకిటి బయటే ఉన్నాడు, ఎవరూ లోపలికి రమ్మనలేదు. దాహమంటే దోసిట్లో నీళ్లు పోశారు. సైన్యంలో గాయపడినవాళ్లను బండ్లకెత్తిన అనుభవం ఉందని చెప్పాడు; విరిగిన కాలును ఎలా పట్టుకొని లేపాలో అక్కడ తెలిసినవాడు అతనొక్కడే. అయినా బావ తన పాలివాళ్లను నలుగురిని పిలిచి, మేమే ఎత్తుతాం, దూరం నుంచి చెప్పు చాలన్నాడు. నేను చదువుకున్నవాణ్ని. నోరు తెరవవలసింది నేను. తెరవలేదు. అక్కే మంచం మీది నుంచి అంది: "ఇరిగిన బొక్క సంగతి ఎరిగినోడు ఆయినె. ఆయిన వట్టుకుంటెనే లేస్త. లేకుంటె ఎవ్వలు ముట్టకుండ్రి."

బావ పక్కకు జరిగాడు. దేవసహాయం కడుక్కున్న చేతులతో వచ్చి, విరిగిన చోటికి పైనా కిందా రెండు అరచేతులూ ఆనించి, ఆ నలుగురికీ ఎక్కడ చేతులు వేయాలో చూపించి, ఒక్క మాట మీద లేపాడు. అక్క పెదవి కొరుక్కుంది గాని అరవలేదు.

పన్నెండున్నరకు తిరుగు ప్రయాణం. బావ పశువులకు ఏర్పాటు చూసి మరునాడు వస్తానని ఆగాడు. నేను వెనక ఇసుక సంచుల మీద కూర్చొని అక్క చేయి పట్టుకున్నాను. జీపు మనిషి నడకకంటే కొంచెం ఎక్కువ వేగంతో పోయింది. రాయి వచ్చేముందు దేవసహాయం "రాయి వస్తాంది అమ్మా" అని చెప్పేవాడు. ఆమె నా మణికట్టు గట్టిగా పట్టుకునేది. రాయి దాటిపోయేది. మొదటి మైలులో ఆమె గోళ్లు నా చర్మంలో దిగాయి. రెండో మైలుకు పట్టు సడలింది. 

వాగు దాటి ఒడ్డు ఎక్కబోతుండగా వెనక కుడివైపు టక్కుమని చప్పుడైంది. దేవసహాయం వెంటనే ఆపి, నీళ్లలోకి దిగి చూశాడు. పొద్దున ఆడుతున్న ఆ బుష్షు మర వదిలి సగం బయటికి వచ్చేసింది. ఇంకో పది గజాలు పోతే కొక్కెం జారి కమాను కింద పడేది, బండి ఆ పక్కకు కూలబడేది. ఈ బండికి స్టీరింగు ఎడమవైపు కనుక, అక్క పడుకున్న పక్క అదే. బుష్షును వెనక్కి బిగించాలంటే చట్రాన్ని ఎత్తి బరువు తీయాలి. ఎత్తితే అక్క వాలిపోతుంది. అప్పుడే శామీర్‌పేటకు సీతాఫలాలు వేసుకొని పోతున్న ఎడ్లబండి ఒకటి వచ్చింది. బండివాళ్లు ఇద్దరు దిగి, మా దుంగను రాతి మీద ఆనించి ఎత్తడానికి సిద్ధమయ్యారు. ఎంత ఎత్తవచ్చో ఎవరికీ తెలియదు.

"మెల్లగ లేపుండ్రి" అంది అక్క. "నేను ఆపుమన్నకాడ ఆపుండ్రి."

అలాగే జరిగింది. ఆమె ఆపమన్నచోట వాళ్లు ఆపారు, ఇంకొంచెం అన్నప్పుడు ఇంకొంచెం ఎత్తారు. దేవసహాయం నడుము లోతు నీళ్లలో కూర్చొని, కొక్కెం పక్కకు పోకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. బుష్షు బిగించే పానా నా చేతికి వచ్చింది. నేను నా బలమంతా పెట్టి కుడికి తిప్పుతుంటే అతను నెమ్మదిగా, "ఎడమకు సార్. గీ దానిది ఎడమ మర" అన్నాడు. వీటిలో కొన్నింటికి మర ఎడమ వైపు తిప్పితేనే బిగుస్తుందట. ఇంకో చుట్టు అలాగే తిప్పి ఉంటే బుష్షు నీళ్లలో పడేది.

అది బిగుస్తున్నంతసేపూ అక్క పైనుంచి అతనితో మాట్లాడుతూనే ఉంది. నొప్పి మరిచిపోవడానికో, అతనికి తోడుగానో తెలియదు. ఈ పని ఇంత ఓపికగా చేయడం ఎవరు నేర్పారని అడిగింది.  అతను కింద నుంచే చెప్పాడు. అస్సాం కొండల్లో ఒక పొద్దున గాయపడినవాళ్లను తెచ్చే జీపు ఒకటి అతని చేతికి వచ్చింది. జల్దీ కావాలని పైవాళ్లు తొందరపెట్టారు. కీళ్లు చూడకుండానే గ్రీజు అంటించి పంపేశాడు. మధ్యాహ్నానికి కబురు వచ్చింది. కొండ మలుపులో కొక్కెం ఊడి బండి లోయలో పడింది. అందులో పడుకున్న ఇద్దరూ, నడిపేవాడూ పోయారు. అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. అలాంటివి అక్కడ రోజూ జరిగేవి.

"అందుకనే అమ్మా, పొద్దుగాల మీ తమ్ముడు ఎంత పరేషాన్ అయినా నేను ఇనలే" అన్నాడు.

 నేను ఆ వాగు నీళ్లలో పానా పట్టుకొని, పొద్దున అతని వాకిట్లో గొణుక్కున్న మాటలన్నీ గుర్తు చేసుకుంటూ నిలబడ్డాను. బుష్షు బిగిసింది. దాని మీద ఇనుప తీగ చుట్టి కట్టాడు. బండివాళ్లు అక్క ఒళ్లో రెండు సీతాఫలాలు పెట్టి వెళ్లారు.

రెండున్నరకు శామీర్‌పేటలో ఆగాం. అక్క అడిగితే టీ కొట్టాయన చిన్న గ్లాసులో తెచ్చి ఇచ్చాడు, చెంచాతో నాలుగు గుక్కలు తాగింది. పడ్డ రోజు నుంచి ఆమె తానై అడిగి తాగింది అదే మొదటిసారి. అక్కడి నుంచి సికింద్రాబాదుకు పదహారు మైళ్లు, హకీంపేట, బొల్లారం, అల్వాల్ మీదుగా గట్టి రోడ్డు. టైర్లలో గాలి తక్కువగా ఉన్నందున అక్కడ కూడా నిదానంగానే వచ్చాం. నాలుగున్నరకు ఆసుపత్రి ముందు ఆగాం. అల్వాల్ దగ్గర అక్క నిద్రపోయింది.

డాక్టరు గారు పాదం మీద వేళ్లు పెట్టి చూశారు, ఎక్స్‌రే ఫొటో తీయించారు. రక్తం పాదానికి బాగానే పారుతోందనీ, ఎముక ఇంకా సరిచేయడానికి వీలైన స్థితిలోనే ఉందనీ, కాలుకు బరువు వేలాడదీసి మూడు నెలలు ఉంచితే అతుక్కుంటుందనీ చెప్పారు. ఏ బండిలో తెచ్చారని అడిగి, జీపని చెబితే నమ్మలేనట్టు చూశారు.

నేను బయటికి పరుగెత్తాను. దేవసహాయం ఆసుపత్రి వెనక ఆవరణలో జీపును దుంగల మీదికి ఎత్తుతున్నాడు. చీకటి పడకముందే మేడ్చల్ చేరవలసినవాడు వెళ్లకుండా మళ్లీ పని పెట్టుకున్నాడేమిటా అనుకున్నాను. నన్ను చూడగానే, పాదంలో నాడి దొరికిందా అని అడిగాడు. దొరికిందన్నాను. చేతిలో ఉన్న గ్రీజు గన్ను పక్కన పెట్టి, నేల మీద కూర్చొని, మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నేను పక్కన కూర్చున్నాను.  తరువాత అతను లేచి మొదటి కీలు దగ్గరికి వెళ్లాడు. నేను ఆసుపత్రి గేటు దగ్గర టీ తెచ్చి ఇచ్చాను.

అక్క ఇప్పుడు చేతికర్ర పట్టుకొని నడుస్తోంది. ఆ కాలు వేలెడు పొట్టిదయింది. దాని గురించి ఆమెకు చింత లేదు. దేవసహాయం, రత్నమ్మ పోయిన నెల ఆమెను చూడడానికి వెళితే, లోపలికి పిలిచి తన చేత్తో వడ్డించిందని బావే నాతో చెప్పాడు. చెప్పేటప్పుడు కొంచెం తడబడ్డాడు, కాని చెప్పాడు. జీపుల్లో పల్లెదారి పట్టే మిత్రులు ఆ బండి బలాన్నీ, కొండ ఎక్కే తీరునూ మెచ్చుకోవడం రోజూ వింటున్నాను. నేనూ మెచ్చుకుంటాను. ఆ ఉక్కు కమాన్లు యుద్ధం దాటి వచ్చి, మా అక్కను ఒక దూదిపింజను తెచ్చినట్టు తెచ్చాయి. కాని ఎవరైనా ఆ బండి గొప్పదనం అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది, నా తొందరను లెక్కచేయకుండా దాని కింద పడుకున్న మనిషి. ఆ దారిన వెళ్లేవారికి నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే. బండి వాగు నీళ్లలో దిగిన రోజున, ఎంత అలసిపోయినా, ఇంటికి చేరగానే చట్రాన్ని ఎత్తి చక్రాలు వేలాడేలా నిలపండి. పన్నెండు కీళ్లలోనూ బురద పోయి శుభ్రమైన గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టండి. తెల్లవారాక చూసుకుందామనుకుంటే, లోపల చేరిన నీళ్లు అప్పటికే ఇనుమును తినడం మొదలుపెడతాయి.